2025 వార్షిక నివేదిక: డిసెంబరు దాటిన క్రిస్మస్

సంఘ సభ్యులందరికీ, మీ ఇంటిల్లిపాదికీ వందనాలు.

2024 డిసెంబరు 25న మన మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి. ఆ వేడుకల సందడి సద్దుమణిగాక జనవరిలో సర్వసభ్య సమావేశం పెట్టుకున్నాం. అందులో మాట చర్చి చరిత్ర మీదికి మళ్లింది. కరువుతో అల్లాడుతున్న జనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు తలపెట్టిన కట్టడం ఇది. 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. అంటే, ఆ ఒక్క పండుగ రోజు వెనక పదేళ్ల పాటు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. మరి మనం చేసే సాయమంతా డిసెంబరు నెలలోనే ఎందుకు అయిపోతోందని మన సంఘంలోని ఆడవాళ్ల బృందం, స్త్రీల మైత్రి అక్కలు అడిగారు.

వాళ్లు అడిగింది న్యాయమే. డిసెంబరులో దుప్పట్లు పంచనివాళ్లు లేరు. ఒక్కో అవ్వకు మూడేసి దుప్పట్లు అందుతాయి. జూన్ వచ్చేసరికి అదే అవ్వ మనవడికి ఇంటర్ ఫీజు కట్టే దిక్కుండదు. అందుకని క్రిస్మస్ కోసం పోగుచేసే నిధిలో సగం పక్కన పెట్టి, మిగతా పదకొండు నెలల్లో అవసరం పడ్డప్పుడు వాడాలని తీర్మానం చేశాం. స్టేజీ, లైట్లు, సౌండ్ సిస్టమ్ ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తుందని తెలిసే అందరూ ఒప్పుకున్నారు. ఆ తీర్మానం ఏడాది పొడవునా ఎలా నడిచిందో చెప్పడానికే ఈ నివేదిక.

పిడికెడు బియ్యం

ఈ ఏడాది పనులన్నింటికీ వెన్నుదన్ను ఇదే. వంటకు బియ్యం కొలిచేటప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం, నెలలో మొదటి ఆదివారం ఆ డబ్బా తెచ్చి సంఘానికి ఇవ్వడం. మన పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు, మధ్యలో మానేశామంతే. మిజోరంలో క్రైస్తవ కుటుంబాలు 1910 నుంచి ఈ ఆచారాన్ని వదలకుండా పాటిస్తున్నాయి. అక్కడ దీన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. ఎంతో మంది సేవకుల పోషణ ఆ పిడికెళ్ల మీదే సాగింది. వాళ్లకు సాధ్యమైంది మనకు ఎందుకు కాదన్న పట్టుదలతో ఫిబ్రవరిలో మొదలుపెట్టాం.

మొదటి నెల వచ్చిన బియ్యం ఒక రకం కాదు. సోనామసూరి, రేషన్ దొడ్డు బియ్యం, కొద్దిగా నూకలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. మన అక్కలు చర్చి వెనక చెట్టు కింద చాప పరిచి, చాటల్లో చెరిగి, రాళ్లు ఏరి, సన్నవి ఒక బస్తాలో, దొడ్డువి ఒక బస్తాలో పోశారు. ఇచ్చే ముందు మన ఇంట్లో వండుకునేంత శుభ్రంగా ఉండాలన్నది వాళ్లు పెట్టిన నియమం. నా మటుకు నాకు ఈ నియమం, ఎంత ఇచ్చామన్న లెక్క కంటే పెద్దది. ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యం రావడంతో ఈ ఏరే పని కొంత తగ్గింది. సంగతి తెలిసి మన వీధిలోని ముస్లిం, హిందూ కుటుంబాలు కూడా డబ్బాలు పెట్టుకున్నాయి. వాళ్లను మేము అడగలేదు. వాళ్లకు వాళ్లుగా తెచ్చి ఇచ్చారు.

ఆ బియ్యం నెలనెలా ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ల ఇళ్లకు, టీబీ మందులు వాడుతున్నవాళ్ల ఇళ్లకు వెళ్లింది. ఎవరికి ఇచ్చామో పేర్లు చదవం, ఫొటోలు తీయం. ఇది కూడా జనవరి తీర్మానంలో భాగమే.

మంచం దగ్గర క్యారల్స్

డిసెంబరులో మన క్యారల్స్ బృందం అర్ధరాత్రి దాకా ఇల్లిల్లూ తిరుగుతుంది. గుమ్మానికి స్టార్ కట్టిన ప్రతి ఇంటి ముందూ ఆగి పాడుతుంది. మంచం మీదున్నవాళ్లకు మాత్రం ఆ పాట గోడ అవతలి నుంచే వినిపిస్తుంది. చలికి వాళ్లు బయటికి రాలేరు, గుంపుగా ఉన్న మనం లోపలికి వెళ్లలేం. అందుకే నలుగురైదుగురు యూత్ పిల్లలు ఏడాదంతా నెలకోసారి అలాంటివాళ్ల ఇళ్లకు వెళ్లి మంచం పక్కన కూర్చుని పాడాలని అనుకున్నాం.

మే నెలలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటికి వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె ఎడమ చెయ్యి పనిచేయదు. బయట ఎండ మండిపోతోంది, లోపల కూలర్ మోత. పిల్లలు ఏవో ఆరాధన పాటలు పాడబోతే ఆమె ఆపి, క్రిస్మస్ పాట పాడమంది. "మే నెలలోనా అమ్మా?" అని ఒక పిల్లాడు నవ్వాడు. "పుట్టినాయన మే నెలలో లేడా బిడ్డా?" అంది ఆమె. కూలర్ ఆపేశారు. డోలక్ పట్టుకుని పిల్లలు మొదలుపెడితే, ఆమె కుడి చేత్తో మంచంపట్టె మీద తాళం వేస్తూ రెండో చరణం తనే అందుకుంది. ఒక్క మాట తప్పలేదు. మేము మరిచిపోయిన ఆఖరి చరణం కూడా ఆమే అందించింది. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్లినా పిల్లలు ముందు ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్లు కోరిన పాటే పాడుతున్నారు.

యేసు పుట్టిన వార్త గొల్లలకు అందింది వాళ్లు రాత్రిపూట మందను కాచుకుంటున్న చోటే అని లూకా సువార్త చెబుతుంది. వాళ్లు వెళ్లి శిశువును చూసి, మళ్లీ తమ మందల దగ్గరికే తిరిగి వచ్చారు, దేవుణ్ణి స్తుతిస్తూ వచ్చారు. పండుగ చూసినవాళ్లు మామూలు పనిలోకి వెళ్లేది ఇలాగే అని ఆ మే నెల సాయంత్రం నాకు గట్టిగా అనిపించింది.

ఎండాకాలం, బడులు

ఏప్రిల్, మే నెలల్లో బస్టాండు దగ్గర చలివేంద్రం నడిపాం. రంజన్లు రోజూ కడిగి నింపే బాధ్యత వంతులవారీగా కుటుంబాలు తీసుకున్నాయి.

జూన్ 12న బడులు తెరిచేసరికి అసలు అవసరం ముందుకొచ్చింది. సర్కారు బడుల్లో పుస్తకాలు, యూనిఫాం ఇస్తారు. బ్యాగు, చెప్పులు, బస్సు ఖర్చు తల్లిదండ్రులే చూసుకోవాలి. పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరే పిల్లల ఇళ్లలో టెన్షన్ ఇంకా ఎక్కువ. పక్కన పెట్టిన నిధిలో పెద్ద వాటా ఇక్కడే ఖర్చయింది. ఫీజు డబ్బు తల్లిదండ్రుల చేతికే ఇచ్చాం, కాలేజీలో వాళ్లే కట్టుకుని రసీదు చూపించారు. పిల్లల ముందు తల్లిదండ్రులు చిన్నబోకూడదని కమిటీ ఈ పద్ధతి పెట్టుకుంది. దీన్ని మార్చొద్దని వచ్చే కమిటీకి నా మనవి.

ఆగస్టు వానలు

ఆగస్టు చివరి వారంలో మెదక్, కామారెడ్డి జిల్లాల్లో కురిసిన కుండపోత వానలు మీరంతా చూసినవే. రోడ్లు తెగిపోయాయి, ఊళ్లలోకి నీళ్లు వచ్చాయి. అప్పటికి మన దగ్గర ఆ నెల బియ్యం సిద్ధంగా ఉంది. విరాళాల కోసం తిరగాల్సిన పని లేకుండా వెంటనే పొయ్యి వెలిగించగలిగాం. ఇళ్లు తడిసినవాళ్లకు రెండు పూటలా అన్నం, పప్పు, పచ్చిపులుసు వండి పంపాం. వండింది మన అక్కలు, మోసుకెళ్లింది యూత్ పిల్లలు, ఆటో ఇచ్చింది పక్క వీధి మస్జిద్ కమిటీవాళ్లు. పిడికెడు పిడికెడుగా కూడబెట్టింది ఎందుకో ఆ రెండు రోజుల్లో అందరికీ అర్థమైంది. సెప్టెంబరులో డబ్బాల సంఖ్య పెరగడానికి కారణం కూడా అదే.

ఈ డిసెంబరు

స్టేజీ చిన్నగా వేశాం. పశువుల పాకను సండే స్కూల్ పిల్లలే వరిగడ్డితో కట్టారు. ప్రేమ విందులో ఈసారి ఏడాది పొడవునా మనం కలిసిన ముసలివాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి వడ్డించాం. కేకుతో పాటు సకినాలు, గారెలు ఇళ్ల నుంచే వచ్చాయి. పండుగ కళ తగ్గిందని ఒకరిద్దరు పెద్దలు అన్నారు, వాళ్ల మాటను మినిట్స్‌లో రాశాం. నా అభిప్రాయంలో కళ తగ్గలేదు.

లెక్కలు, వచ్చే ఏడాది

జమాఖర్చుల పట్టిక, రసీదుల ఫైలు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఏ ఆదివారమైనా ఆరాధన తర్వాత సభ్యులు చూడవచ్చు.

పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కలు, ఇంగ్లిషు చెప్పడానికి టీచర్లు కావాలి. ఉద్యోగాల కోసం హైదరాబాద్‌లో ఉంటున్న మన పిల్లలు వీడియో కాల్‌లో చెప్పగలిగినా చాలు. మంచంపట్టినవాళ్లు మీ వీధిలో ఎవరున్నా, ఏ మతం వాళ్లయినా, వాళ్లకు ఇష్టమైతే పేరు యూత్ కార్యదర్శికి ఇవ్వండి. బియ్యం డబ్బా లేనివాళ్లకు స్త్రీల మైత్రి దగ్గర మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు ఉన్నాయి. డబ్బాలు జనవరి మొదటి ఆదివారం తీసుకోవచ్చు. పాత డబ్బాలున్నవాళ్లు పురుగు పట్టకుండా ఎండలో పెట్టి, రెండు వేపాకులు వేసి తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ తరఫున