లిక్విడ్ కూలర్ తలకిందులుగా బిగించిన గేమింగ్ పీసీ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
చెన్నై.

విషయం: మీరు అసెంబుల్ చేసి ఇచ్చిన గేమింగ్ పీసీ విపరీతంగా వేడెక్కడం, దాన్ని మీ ఖర్చుతో సరిచేసి ఇవ్వమని కోరడం.

అయ్యా,

మీ దగ్గర చేయించిన పీసీలో ఉన్నవి రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్, ఆర్టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ డీడీఆర్5-6000 ర్యామ్ స్టిక్‌లు రెండు, 240 ఎంఎం లిక్విడ్ కూలర్, ముందూ పక్కా గాజు పలకలున్న క్యాబినెట్. బిల్లు, లోపలి ఫొటోలు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం నమోదు చేసే సాఫ్ట్‌వేర్) లాగ్ జత చేశాను. విడిభాగాల మీద నాకు ఫిర్యాదు లేదు, వాటిని బిగించిన తీరు మీదే.

ఆట మొదలైన పావుగంటకల్లా ప్రాసెసర్ 89 డిగ్రీలు తాకి అక్కడే నిలబడిపోతోంది. ఫ్రేములు పడిపోతున్నాయి. ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ పంపులోంచి గళగళమని చప్పుడు. దీనికి మీ సర్వీస్ విభాగం ఇచ్చిన జవాబు: "చెన్నై ఎండకి ఇది మామూలేనండీ, 95 దాకా ఫర్వాలేదు." రెండు మాటలూ తప్పే. 95 అనేది రైజెన్ 7000 వరుసలో మామూలు డెస్క్‌టాప్ చిప్‌లకు ఏఎండీ పెట్టిన హద్దు. ఈ చిప్‌లో కోర్లున్న ముక్క మీద అదనపు క్యాష్ (వేగవంతమైన మెమరీ) పొర ఉంటుంది, దీని హద్దు 89. అంటే మీరు ఫర్వాలేదంటున్న వేడికి ఇది అసలు చేరనే చేరదు, అంతకుముందే వేగం తగ్గించుకుంటుంది. ఇక ఎండ సంగతి. లాగ్ తీసినప్పుడు గది 32 డిగ్రీలు ఉంది. ఏసీ వేసి 25కి తెచ్చినా ప్రాసెసర్ 84 కిందికి దిగలేదు. ఆటల్లో ఈ చిప్ సాధారణంగా 80 వాట్లు కూడా తినదు. ఆ మాత్రం వేడికి రెండు టవర్ల ఎయిర్ కూలర్ సరిపోతుంది, చెన్నైలో మే నెలలో కూడా. (లిక్విడ్ కూలరే కావాలని పట్టుబట్టింది మీ సేల్స్ వారు, రంగు లైట్లు బాగా కనిపిస్తాయని.)

అసలు కారణం ఫొటో చూస్తే తెలిసిపోతుంది. కూలర్‌లో వేడిని వదిలే రేడియేటర్‌ను క్యాబినెట్ అడుగున బిగించారు. సీల్ చేసిన ఏ లిక్విడ్ కూలర్‌లోనైనా కాస్త గాలి మిగిలే ఉంటుంది, అది ఎప్పుడూ ఎత్తైన చోటికే చేరుతుంది. రేడియేటర్ అడుగున, పంపు పైన ఉంటే ఆ గాలంతా పంపులోకే వస్తుంది. చప్పుడు దానిదే. నీటి ప్రవాహం తగ్గి, పంపు కూడా త్వరగా పాడవుతుంది. అనుమానం ఉంటే మీరే పరీక్షించండి: పీసీ నడుస్తుండగా క్యాబినెట్ ముందు భాగాన్ని ఎత్తి, రేడియేటర్ కొస పంపు కంటే పైకి వచ్చేదాకా వెనక్కి ఒరిగించండి. నేను అలా చేస్తే కొద్ది నిమిషాల్లో గళగళ ఆగింది, ప్రాసెసర్ 75కి దిగింది. మళ్లీ నిలబెడితే కథ మొదటికే వచ్చింది.

దీనికి తోడు ఆ రేడియేటర్ ఫ్యాన్లు వేడి గాలిని నేరుగా గ్రాఫిక్స్ కార్డు మీదికి ఊదుతున్నాయి. ముందువైపు గాజు కాబట్టి చల్లగాలి వచ్చే దారి ఇంకొకటి లేదు. కార్డు 82 చూపిస్తోంది, పక్క గాజు తీసేస్తే 71.

ర్యామ్ స్టిక్‌లు రెండూ పక్కపక్కనే, ఏ1, ఏ2 స్లాట్లలో పెట్టారు. అందుకే రెండు దారుల్లో నడవాల్సినవి ఒకే చానెల్‌లో నడుస్తున్నాయి. ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి. ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) కూడా ఆన్ చేయలేదు, 6000కి డబ్బు కట్టించుకుని 4800లో వదిలేశారు. ఒకందుకు అదే మేలైంది. మదర్‌బోర్డులో ఉన్నది 2023 ఏప్రిల్ మొదటి వారం నాటి బయోస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్). ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోయాక ఎక్స్‌పో ఆన్ చేస్తే పెరిగే ఎస్ఓసీ వోల్టేజిని (ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే భాగానికి వెళ్లేది) 1.3 వోల్టులకు పరిమితం చేసిన అప్‌డేట్లు ఆ తర్వాతే వచ్చాయి.

గ్రాఫిక్స్ కార్డు 16 పిన్ల కేబుల్ కనెక్టర్ మొదట్లోనే వంగి గాజుకు ఒత్తుకుంటోంది. కనీసం 35 ఎంఎం తిన్నగా వచ్చాకే వంచాలి. 220 వాట్ల కార్డుకు కనెక్టర్ కరిగే ముప్పు తక్కువే, అయినా అలా వదిలేయడానికి వీల్లేదు.

కాబట్టి రేడియేటర్‌ను పైకప్పుకు మార్చి, ఫ్యాన్లు గాలిని బయటికి తోసేలా బిగించండి. ముందుగా పైన చోటు కొలవండి, రేడియేటర్, ఫ్యాన్ కలిపితే మందం దాదాపు 52 ఎంఎం. చాలకపోతే కూలర్ వెనక్కి తీసుకుని మంచి ఎయిర్ కూలర్ పెట్టి, ధరలో తేడా తిరిగివ్వండి. అడుగున డస్ట్ ఫిల్టర్‌తో 120 ఎంఎం ఫ్యాన్లు గాలిని లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా ఉండాలి. పంపు ఊడదీస్తే దాని కింద వేడిని దాటించే పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పూయాలి. ముందు బయోస్, ఆ తర్వాతే ఎక్స్‌పో. మొదటిసారి ర్యామ్ ట్రైనింగ్‌లో (బోర్డు ర్యామ్‌ను సర్దుకునేటప్పుడు) స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది, మీ టెక్నీషియన్ కంగారుపడి పవర్ తీసేయకుండా చూడండి. వెళ్లేముందు గంటసేపు ఆట నడిపి లాగ్ నాకివ్వాలి.

పక్క పలక మీద "తెరిస్తే వారంటీ రద్దు" అన్న స్టిక్కర్ ఉంది. పరీక్ష కోసం తెరిచినందుకు వారంటీ పోదని రాసివ్వండి. ప్రతి భాగం సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు కూడా కావాలి, ఇప్పుడిచ్చిన దాంట్లో "గేమింగ్ పీసీ - 1" అని మాత్రమే ఉంది.

15 రోజుల్లో పని జరగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. టెక్నీషియన్ వచ్చే తేదీ ఈమెయిల్‌లో తెలపండి.

ఇట్లు,
మీ వినియోగదారు,
కోడంబాక్కం, చెన్నై.