యాపిల్ పాఠానికి ఒక యాపిల్, ఒక చాకు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా కోనసీమలో అంగన్‌వాడీకి వెళ్ళినా, ఒకటో తరగతికి వెళ్ళినా గోడమీద పిల్లలకి ముందుగా కనబడేది యాపిల్ బొమ్మ. పుస్తకంలో దానికి ఎర్ర రంగు, ఆకుకి పచ్చ రంగు వేస్తారు. అంతటితో పాఠం అయిపోతుంది. నాది రావులపాలెంలో పండ్ల కొట్టు. వచ్చిన పిల్లల్ని మాటల్లో పెట్టి, యాపిల్ చెట్టుకి కాస్తుందా తీగకి కాస్తుందా అని అడిగితే చాలామంది తడుముకుంటారు. లోపల గింజలు ఎలా ఉంటాయో చెప్పగలిగినవాళ్ళు తక్కువ. తప్పు పిల్లలది కాదు, మాస్టార్లదని కూడా అనను. పండు చేతికివ్వకుండా పండు గురించి నేర్చుకోమంటున్నాం, నా బాధ అదీ.

ఒక్క యాపిల్‌ని నిలువుగా కాకుండా అడ్డంగా కోసి చూపించండి. మధ్యలో అయిదు గదులతో నక్షత్రం ఆకారం కనబడుతుంది. ఒక్కో గదిలో మామూలుగా రెండు గింజలు ఉంటాయి. పిల్లలే లెక్కపెడతారు. గింజలు నమలకూడదని కూడా అప్పుడే చెప్పవచ్చు. కోయని పండుని బకెట్ నీళ్ళలో వేస్తే తేలుతుంది, ఎందుకంటే దానిలో దాదాపు నాలుగో వంతు గాలే. కోసిన ముక్కల్లో ఒకదానికి నిమ్మరసం రాసి, ఇంకోదాన్ని అలాగే వదిలేస్తే కాసేపటికి రెండోది గోధుమ రంగుకి తిరుగుతుంది. ఇంట్లో అమ్మ వంకాయ ముక్కల్ని కోసీ కోయగానే ఉప్పునీళ్ళలో ఎందుకు వేస్తుందో పిల్లలకి అక్కడే అర్థమవుతుంది.

మన గోదావరి పిల్లలకున్న అదృష్టం ఇంకొకటుంది. కొబ్బరి మొక్క కాయ నుంచే మొలుస్తుంది, అరటి పిలక నుంచి వస్తుంది, మంచి రకం మామిడి అంటు కడితేగానీ రాదు. ఈ మూడూ మన పెరళ్ళలో, తోటల్లో ఉన్నవే. యాపిల్ మామిడి దారిలో నడుస్తుంది. గింజ నాటితే చెట్టు వస్తుంది కానీ కాయ తల్లి చెట్టు కాయలా ఉండదు. అందుకే వేరే మొక్క మీద మంచి రకం కొమ్మతో అంటు కడతారు. ఆ పని చూడాలంటే కాశ్మీర్ పోనక్కర్లేదు. కడియం, కడియపులంక నర్సరీల్లో టెంక మొలిపించిన మొక్కకి మామిడి అంటు కట్టడం పిల్లలకి చూపించి, యాపిల్‌కీ ఇలాగే చేస్తారని చెబితే వాళ్ళు జన్మలో మర్చిపోరు.

మరి ఇక్కడ ఎందుకు పండదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు అది. మామూలు రకాలకి ఏడు డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలు కావాలి, లేకపోతే మొగ్గ సరిగ్గా విచ్చుకోదు. మన లంకల్లో ఆ చలి ఎక్కడిది? లంబసింగి, చింతపల్లి కొండల్లో మొక్కలు వేసి చూశారు. తక్కువ చలితో కాసే హరిమన్-99 రకాన్ని హిమాచల్‌లోని బిలాస్‌పూర్ రైతు ఒకరు తయారుచేశారు. అసలు యాపిల్ పుట్టిల్లు కజకిస్థాన్ వైపు కొండలు. హిమాచల్‌లో ఇప్పుడు కనబడే తోటలకి దారి చూపినవాడు అమెరికా నుంచి వచ్చిన స్టోక్స్. 1916లో కోట్‌గఢ్‌లో డెలీషియస్ రకం నాటి, తర్వాత మన స్వాతంత్ర్య పోరాటంలో జైలుకి కూడా వెళ్ళాడు. ఒక్క పండుతో భూగోళం, చరిత్ర రెండూ క్లాసులోకి వస్తాయి.

ఇంకో మాట. యాపిల్ పెట్టకపోతే పిల్లాడికి బలం రాదేమోనని తల్లులు టెన్షన్ పడుతుంటారు, అప్పు చేసైనా కొంటారు. యాపిల్ అమ్ముకుని బతికేవాణ్ణే చెబుతున్నాను: వంద గ్రాముల జామకాయలో రెండొందల మిల్లీగ్రాములకి పైగా విటమిన్-సి ఉంటే, యాపిల్‌లో అయిదుకి మించదు. యాపిల్ మంచి పండే, కాదనను. కానీ బడిలో దాని పక్కన జామకాయ, సీతాఫలం, చక్రకేళి పెట్టి చూపించకపోతే, ఊళ్ళో పండేది పేదవాళ్ళ తిండి అన్న ఆలోచన చిన్నప్పుడే నాటుకుంటుంది. అది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

జిల్లా విద్యాశాఖ అధికారులకి నా విన్నపం ఒకటే. హిమాచల్, కాశ్మీర్ సరుకు దండిగా దిగి ధర తగ్గే ఆగస్టు, అక్టోబర్ నెలల మధ్య ఈ పాఠం పెట్టించండి. క్లాసుకి రెండు యాపిల్స్, నాలుగు జామకాయలు చాలు, వంద రూపాయల లోపు పని. కోయడం టీచరే చేయాలి, ముందు పండు బాగా కడగాలి. దగ్గర్లో ఉన్న బడుల పిల్లల్ని నర్సరీలకి ఒకపూట తీసుకెళ్ళడానికి అనుమతి ఇవ్వండి. రావులపాలెం మండలంలో ఏ ప్రాథమిక పాఠశాల అడిగినా ఆ పాఠానికి కావలసిన పండ్లు నా కొట్టు నుంచి ఉచితంగా పంపిస్తాను. మిగతా మండలాల్లోని తోటి వర్తకులూ ముందుకు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పండ్ల వ్యాపారి,
రావులపాలెం, కోనసీమ జిల్లా