గుండె ముక్కను ఫార్మలిన్‌లో భద్రపరచండి

సంపాదకుడు గారికి,

ఆడుతూనో, తరగతిలో కూర్చునో ఉన్నట్టుండి కుప్పకూలిన యువకుల వార్తలన్నిటి కింద ‘గుండెపోటు’ అన్న మాటే కనిపిస్తోంది. చాలాసార్లు అది పరీక్షలో తేలింది కాదు, ఊహ మాత్రమేనని ఫోరెన్సిక్ మెడిసిన్ బోధించి పదవీ విరమణ చేసినవాడిగా చెప్పగలను. గుండెపోటు అంటే గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోవడం. ఆ వయసులో నాళాలు శుభ్రంగానే ఉండి, లోపం కండరంలో ఉండే సందర్భాలు అనేకం. కాక్సాకీ బి వంటి వైరస్‌ల వల్ల వచ్చే గుండె కండరపు వాపు, అంటే మయోకార్డైటిస్, అలాంటిదే. అది గుండె లయను చెదరగొట్టి నిమిషాల్లో ప్రాణం తీయగలదు.

పందొమ్మిదేళ్ల కుర్రవాడొకడు వారం కిందట జ్వరం తగ్గి, కబడ్డీ ఆడుతూ పడిపోయాడు. అతని గుండెను చేతిలోకి తీసుకుంటే బరువులోగానీ రంగులోగానీ తేడా తెలియలేదు. సూక్ష్మదర్శిని కింద మాత్రం కండరపు పోగుల మధ్య లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు గుంపులు కట్టి ఉన్నాయి, వాటిని ఆనుకున్న పోగులు చితికి ఉన్నాయి. ఈ రెండూ కలిసి ఉంటేనే మయోకార్డైటిస్ అనాలని 1980లలో డాలస్‌లో సమావేశమైన నిపుణులు నిర్ణయించారు. అక్కడక్కడ నాలుగు కణాలు కనిపిస్తే చాలదు. పైగా ఈ వాపు మచ్చలు మచ్చలుగా ఉంటుంది కనుక గుండె కింది గదులైన రెండు జఠరికల గోడల నుంచి, నడిమి గోడ నుంచి అనేక ముక్కలు తీయాలి, లేకుంటే దొరకదు.

విష పరీక్షకు పంపే విసెరాను, అంటే కడుపు, కాలేయం వంటి లోపలి అవయవాల ముక్కలను, చిక్కటి ఉప్పునీటిలో ఉంచుతాం. కణజాల పరీక్షకు వెళ్లే ముక్క మాత్రం కణజాలాన్ని చెడకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో ఉండాలి. ఉప్పునీటిలో పడ్డాక దానిలోని కణాల రూపం చెడిపోతుంది. విసెరా సీసాలు తప్ప ఫార్మలిన్ సీసా లేకుండా ముగిసిన శవపరీక్షలు నేను చూశాను. విషం లేదని నివేదిక రాగానే ఆ ఫైళ్లు మూతపడ్డాయి.

ఆ కుర్రవాడి తండ్రి నన్ను అడిగింది ఒక్కటే: “చిన్నోడికి కూడా ఇదుందా, సార్?” గోడ మందమయ్యే కొన్ని గుండె జబ్బులు వంశంలో దిగుతాయి, అప్పుడు తోబుట్టువులకు ఈసీజీ, ఎకో తప్పనిసరి. వైరస్ వల్ల వచ్చిన వాపు సాధారణంగా అలా దిగదు. సూక్ష్మదర్శిని కింద చూసిన గాజు పలకలు చేతిలో ఉన్నందువల్లే ఆయనకు ఆ రోజు సమాధానం చెప్పగలిగాను.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ (అనుమానాస్పద మరణాలపై పోలీసు విచారణ) కింద శవపరీక్షకు వచ్చే నలభై ఏళ్లలోపు ఆకస్మిక మరణాలన్నిటిలో గుండె కణజాలాన్ని ఫార్మలిన్‌లో భద్రపరిచి, ఫలితాన్ని కుటుంబానికి రాతపూర్వకంగా తెలపాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఫోరెన్సిక్ మెడిసిన్ అధ్యాపకుడు, గుంటూరు