లైకులతో దోమలు చావవు

సంపాదకులకు,

డెంగీ మీద మన విశాఖ నగరంలో ఆరోగ్య అధికారులు సామాజిక మాధ్యమాల ద్వారా సాగిస్తున్న ప్రచారానికి ‘అనూహ్య స్పందన’ లభిస్తోందని ఇటీవల మీ జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేశారు. వేలాది మంది చూశారట, లైకులు కొట్టారట, పది మందికీ పంపారట. ఎవరైనా నోరు విప్పుతారేమోనని కొన్నాళ్లు చూశాను. అందరూ వీక్షణల లెక్కలు చూసి మురిసిపోతున్నట్టున్నారు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆ పోస్టులు నేనూ చూశాను. మీ విలేకరి చూశారో, లేక పంపిన ప్రకటననే యథాతథంగా దించేశారో తెలియదు. ఒకదానిలో ఫాగింగ్ యంత్రం పట్టుకున్న మనిషి ఒక్కడు, ఆయన చుట్టూ చప్పట్లు కొట్టేవారు అరడజను మంది, వెనక బ్యానరు. మరొకదానిలో బీచ్ రోడ్డు మీద జెండా ఊపి ప్రారంభించిన ర్యాలీ. ఇంకొకటి సినిమా పాటకు అడుగులేస్తున్న రీలు. రాసిన నాలుగు ముక్కల్లో మూడొంతులు ఇంగ్లీషు. జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి ఎన్ని గంటలకు వెళ్లాలి, డెంగీని నిర్ధారించే ఎలైజా రక్తపరీక్ష ఉచితంగా ఎక్కడ చేస్తారు, ప్రైవేటు ల్యాబులో కార్డు మీద గీత చూపించి డెంగీ అని చెబితే దాన్నే నమ్ముకోవాలా? వీటికి జవాబు ఎందులోనూ లేదు. పోనీ ఆ ఫాగింగ్ వల్లనైనా ఒరిగేదేమిటి? డెంగీ దోమ కుట్టేది ప్రధానంగా పగటిపూట. దాక్కునేది ఇంట్లో, మంచం కిందా, వేలాడదీసిన బట్టల వెనకా. సాయంత్రం వీధిలో పొగ కొడితే ఫొటో మాత్రం బాగా వస్తుంది.

చెప్పవలసింది నిజానికి చాలా చిన్న విషయం. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకరోజు, శుక్రవారం, నిల్వ నీళ్లన్నీ పారబోసే ‘డ్రై డే’ పాటించమంటారు. కానీ నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. పీచు పెట్టి అంచులు రుద్దితేనే పోతాయి. ఈ మాటను తెలుగులో అర నిమిషంలో చెప్పవచ్చు. అరిలోవలోనో కంచరపాలెం కొండవాలులోనో ఒక ఇల్లాలు తన డ్రమ్మును రుద్ది చూపించే వీడియో చాలు, నాయకుడు అక్కర్లేదు. బహుశా అందుకే తీయలేదేమో!

అసలు కోపం పోస్టుల మీద కన్నా వాటి కింది వ్యాఖ్యల మీద. ‘మా వీధిలో వరసగా జ్వరాలు, ఎవరికి చెప్పాలి?’ అని ఒకరు అడిగారు. ‘పాపకు ప్లేట్‌లెట్లు తగ్గాయంటున్నారు, ఎక్కించాలా?’ అని ఒక తల్లి అడిగింది. జవాబు లేదు. మా పక్కింటి అమ్మాయికి జ్వరం తగలగానే నేనూ ఒక ప్రశ్న రాశాను. ఆ అమ్మాయి కోలుకుని కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టాక నాకు రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. 1923 నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), దానితోపాటు వైద్య కళాశాల ఉన్న ఊరిది. ఉత్తరాంధ్ర అంతటి నుంచీ, ఒడిశా నుంచీ రోగులు వెతుక్కుంటూ వచ్చే ఊరు. ఇంతమంది డాక్టర్లున్న చోట జవాబు రాయడానికి ఒక్క మనిషి దొరకలేదా?

అధికారులు మౌనంగా ఉంటే ప్రశ్న ఊరుకోదు కదా. అది నేరుగా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుకి వెళుతుంది. అక్కడ జవాబులకు కొదవ లేదు: బొప్పాయి ఆకు రసం, మేక పాలు, కివీ పండు, ‘ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గితే ప్రాణాపాయం’ అని ఎర్ర అక్షరాల హెచ్చరిక. రక్తస్రావం లేనప్పుడు సాధారణంగా పదివేల కన్నా తగ్గితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించనవసరం లేదని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. జ్వరం తగ్గుముఖం పట్టిన రోజుల్లోనే అసలు జాగ్రత్త కావాలని, విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని, ఒళ్లునొప్పులకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటివి వేసుకోకూడదని ఎంతమందికి తెలుసు? రీలులో ఇవేవీ లేవు, పాట మాత్రం బాగుంది.

ఈ నగరానికి వదంతి అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. ఆ రాత్రే మళ్లీ లీకైందన్న మాట ఫోన్లలో పాకింది. జనం పిల్లల్ని చంకనేసుకుని అర్ధరాత్రి రోడ్ల మీదికొచ్చారు. అధికారిక ఖాతా అనేది అలాంటి ఘడియ కోసమే ఉండాలి. నమ్మకమైన మాట నిమిషాల మీద రావాలి. అలా రావాలంటే మామూలు రోజుల్లో కూడా అడిగినదానికి బదులు చెప్పే అలవాటు ఉండాలి. ఏడాది పొడవునా జన్మదిన శుభాకాంక్షలు పెట్టే ఖాతాను ఆపద రోజున ఎవరు తెరుస్తారు?

ఫోను ఒక్కటే ఉంటే చాలనుకునేవారికి 2014 అక్టోబరు 12 కూడా గుర్తుచేయాలి. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు సెల్ టవర్లు కూలాయి, కరెంటు పోయింది. అప్పుడు వార్త మనిషి నోటి నుంచి మనిషికి వెళ్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతమే, పురుషులు 48.8 శాతం. ఇప్పుడు పెరిగే ఉంటారు, కాదనను. కానీ కుళాయి వచ్చే ఆ కాసేపట్లో డ్రమ్ములు నింపుకునేది ఎవరు? ఆ స్త్రీలే. ఒకప్పుడు ఆటోకి మైకు కట్టుకుని వీధివీధీ తిరిగేవారు. గొంతు కర్ణకఠోరంగా ఉన్నా ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది మాత్రం తప్పకుండా చెప్పేవారు. ఇప్పుడు ఆ ఆటో ఏమైంది?

ఇంటింటికీ రావలసిన ఏఎన్ఎం, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త, వస్తూనే ఉంది పాపం. తొట్టి ఫొటో తీసి, యాప్‌లో ఎక్కించి, సిగ్నలు అందక చెయ్యి పైకెత్తి నిలబడి, అది ఎక్కగానే పక్కింటికి పరుగెడుతుంది. అంచులు రుద్దమని చెప్పే తీరిక ఆమెకు లేదు. తప్పు ఆమెది కాదు. పైవాళ్లకు కావలసింది ఫొటో, ఇచ్చి వెళుతోంది. పలకరింపులకని వార్డుల్లోకి వెళ్లే పెద్దలైతే సెలైను ఎక్కుతున్న రోగి ముఖాన్ని కూడా అనుమతి అడక్కుండా ఊరందరికీ చూపిస్తున్నారు.

ఇక డాక్టర్ల రీళ్ల సంగతి. లైకులు, ఫాలోయర్లను కొనుక్కోకూడదని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న నిబంధనలు తెచ్చింది. అదే నెల 23న వాటిని పక్కన పెట్టేసింది. మూడు వారాలు నిలిచినందుకు సంతోషించాలి కాబోలు.

ఫోనుతో పని జరగదని నేననడం లేదు. 2025 జనవరిలో ఈ రాష్ట్ర ప్రభుత్వమే వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు అందించే ‘మన మిత్ర’ మొదలుపెట్టింది కదా. అడిగినదానికి బదులిచ్చే ఏర్పాటు ఫోనులో సాధ్యమేనని దానివల్ల రుజువైంది. ఆరోగ్య ఖాతాలకూ అదే చేయండి. వ్యాఖ్యలు చూసి అదే రోజు బదులు రాసే ఉద్యోగి ఒకరు, ఆ బదులును సరిచూసే డాక్టరు ఒకరు, వదంతి పుట్టిన గంటలో ఖండన. నెలాఖరున వీక్షణల లెక్కలకు బదులు ఎన్ని ప్రశ్నలు వచ్చాయో, ఎన్నింటికి జవాబిచ్చారో ప్రకటించండి. అది మీరు మొదటి పేజీలో వేసినా నాకు అభ్యంతరం లేదు.

మీ పత్రికకూ ఒక మాట. ఆ ‘అనూహ్య స్పందన’ వార్త వచ్చిన రోజే లోపలి పేజీలో ‘షుగరు సమూలంగా పోతుంది’ అంటూ పావు పేజీ ప్రకటన వేశారు. మధుమేహాన్ని నయం చేస్తామని మందులకు ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆ సంగతి మీకు తెలియదనుకోను. రేపు ఆ ప్రకటన ఆపి, ఆ జాగాలో నగరంలో డెంగీ పరీక్ష ఉచితంగా చేసే ఆసుపత్రుల పేర్లు, వేళలు వేయండి. దానికోసం ఈ లేఖను తీసేయవలసి వచ్చినా సరే.

— ఒక విశ్రాంత ఉద్యోగి,
జ్ఞానాపురం, విశాఖపట్నం