పెరటి మడికీ నీళ్ల వంతు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సాగునీటి వార్తల్లో ఎప్పుడూ ఎన్ని ఎకరాలు తడిశాయన్న లెక్కే ఉంటుంది. ఆ నీళ్లొచ్చాక ఇంట్లో తిండి మారిందా అని ఎవరూ అడగరు. నన్నొకసారి అడిగారు.

పోషకాహార సర్వేకి వచ్చిన అమ్మాయి "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం తిన్నారమ్మా?" అంది. ఆడవాళ్ల తిండిని 10 రకాలుగా లెక్క వేస్తారట: ధాన్యాలు, పప్పులు, పాలు, గుడ్లు, ఆకుకూరలు... ఇలా. రోజుకు కనీసం 5 రకాలు తినాలట. నావి మూడే తేలాయి. అప్పుడు నేను ఆనుకుని కూర్చున్నది మా ధాన్యం బస్తాలకే! సిగ్గేసింది.

కాలువ రాకముందు వాన మీదే బతుకు. కొన్ని నెలలు తిండికి కటకటే, కాదనను. అయినా పైరు మధ్య పప్పు సాళ్లు, గట్ల మీద పాదులు ఉండేవి. కాలువ వచ్చాక పొలమంతా ఒకటే పైరు. దిగుబడి పెరిగింది, ఆకలి బాధ పోయింది. పప్పు, కూర మాత్రం కొనుక్కోవాల్సిందే. పంట డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, అదీ అప్పులు పోగా. కూర రోజూ కావాలి కదా.

నీళ్లను తప్పు పట్టను. ప్రపంచ సాగుభూమిలో నీటి వసతి ఉన్నది సుమారు 20 శాతమే, ఆహారంలో 40 శాతం మాత్రం అక్కడే పండుతోంది. నా గొడవ వంతుల గురించి. అవి పెద్ద పైరును చూసి కడతారు. మా చేను కాలువ చివర. పదిహేను రోజులకోసారి, అర్ధరాత్రి, పైవాళ్లు వదిలితే వస్తాయి. ఆకుకూర మడి అన్నాళ్లు ఆగుతుందా? దానికి కొంచెమే చాలు, కానీ రెండు రోజులకోసారి పడాలి.

చివరికి గిన్నెలు కడిగే చోటి నుంచి పిల్లకాలువ తవ్వి పెరట్లో నాలుగు మళ్లు కట్టాను. నీళ్లు ఆకుల మీద పడకుండా మొదళ్లకే పారిస్తాను. బిందెలు మోసే పని తప్పింది, నడుముకు అదే పదివేలు. ఇప్పుడు చాలా రోజులు లెక్క ఐదుకు చేరుతోంది. కాలువ కట్టేస్తే బావి కూడా అడుగంటుతుంది, మళ్లీ మూడే.

ఈ మాట నీటి సంఘం మీటింగులో చెబుదామంటే పట్టా మా ఆయన పేరున ఉంది, నాకు సభ్యత్వం లేదు. ఆయన్ని చెప్పమంటే "కూరమడి గురించి అక్కడ మాట్లాడితే నవ్వుతారు" అన్నారు. అందుకే మీకు రాస్తున్నాను.

ఇట్లు,
కాలువ చివరి రైతు భార్య (నేనూ రైతునే)