ఆ గేటు తాళం తీయించండి సార్!

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. చుట్టుపక్కల పిల్లలకు ఆటలు నేర్పే కోచ్‌ని కావాలనే ఈ కోర్సులో చేరాను. మా దగ్గరి ఆటల మైదానం గేటుకు వేసిన తాళం గురించి మీకు రాయడం ఇది నాలుగోసారి. మొదటి మూడు అర్జీలకు రసీదులు ఇచ్చారు కానీ జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఎక్కడైనా మాట తూలితే క్షమించండి.

పథకం గురించి మీకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. సాయంత్రం పూట మైదానాలు పిల్లలకు తెరిచి ఉంచాలని, మాలాంటి విద్యార్థులు అక్కడే ఫీల్డ్ వర్క్ చేసుకోవచ్చని మీ శాఖే ఉత్తర్వు ఇచ్చింది. ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రోజూ బ్యాగులో మోస్తున్నాను. చూపిస్తే వాచ్‌మన్ "నాకు పైనుంచి ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు. పాపం, ఆయన తప్పేం లేదు. ఆఫీసుకు వెళ్తే తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉంది, వెళ్లి అడగమన్నారు. ఆయనేమో ఆఫీసు నుంచి లెటర్ తెమ్మన్నాడు. లెటర్ కోసం వెళ్తే సంతకం పెట్టే సార్ మీటింగులో ఉన్నారు. ఇలా తిరగడంలోనే ఐదు నెలలు గడిచిపోయాయి సార్.

ఈ ఐదు నెలల్లో చాలా రోజులు పిల్లలు గేటు ముందు రోడ్డు మీదే ఆడారు. సుద్దముక్కతో గీతలు గీసి పరుగులు పెట్టించాను. బండి వచ్చిన ప్రతిసారీ విజిల్ వేసి అందరినీ పక్కకు లాగాను. ఒకరోజు తొమ్మిదేళ్ల బాబు బంతి వెనకాల పరుగెత్తాడు. బైక్ అతను సడన్ బ్రేక్ వేశాడు కాబట్టి బతికిపోయాం. బాబు కింద పడ్డాడు, మోకాలి మీద చర్మం లేచిపోయింది. నా సీసాలో ఉన్న తాగే నీళ్లతోనే కడిగి, గాయంలో ఇరుక్కున్న ఇసుక కొంచెం కొంచెంగా తీశాను. వాడు ఏడవలేదు. "అక్కా, రేపు కూడా ఆట ఉంటుంది కదా?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి రోడ్డు మీద ఆడించడం మానేశాను.

నా హాజరు పుస్తకంలో మొదటి నెల 31 పేర్లున్నాయి. ఇప్పుడు 12. ముందుగా మానేసింది ఆడపిల్లలే. 14 మందిలో ముగ్గురు మిగిలారు. నడిరోడ్డు మీద గెంతులేమిటని ఇళ్లలో ఒప్పుకోలేదు. చుట్టూ గోడ ఉన్న మైదానమైతే పంపిస్తామన్నారు. కాదనడానికి నా దగ్గర మాటేముంది? గోడ ఉంది, మైదానమూ ఉంది. తాళం ఒక్కటే అడ్డం.

గేటు సందులోంచి చూస్తే లాంగ్ జంప్ ఇసుక గుంటలో మోకాలెత్తు గడ్డి కనిపిస్తుంది. ఆ పక్కనే బాస్కెట్‌బాల్ రింగు. పెద్దవాళ్లు ఆడే ఆ రింగు 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మినీ బాస్కెట్‌బాల్‌లో చిన్నపిల్లల కోసం దాన్ని 2.60 మీటర్లకు దించుతారు, బంతి కూడా చిన్నదే ఇస్తారు. పెద్ద రింగు అందుకోవాలంటే పిల్ల ఒళ్లంతా వంచి విసరాలి. నాలుగుసార్లు అందకపోతే ఈ ఆట నాకు రాదులే అని వెళ్లిపోతుంది. అందుకే చిన్న రింగు ఒకటి కావాలని మొదటి అర్జీలో రాశాను. ఇప్పుడు అదీ అడగడం లేదు. ముందు లోపలికి రానివ్వండి, చాలు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆట పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒప్పందం, 31వ అధికరణంలోనే ఉంది. ఇవి రెండూ మీ ఉత్తర్వు మొదటి పేజీలో రాసి ఉన్నవే. మా పిల్లలకు ఆ గంట ఎక్కడ దొరుకుతుంది సార్?

నా సంగతి కూడా కొంచెం చెప్పనివ్వండి. ఫీల్డ్ వర్క్ 150 గంటలు పూర్తి కావాలి. ఇప్పటికి 46 అయ్యాయి. రోడ్డు మీద ఆడించిన గంటలు లెక్కలోకి రావు, మైదానం ఇన్‌ఛార్జ్ సంతకం కావాలి. నాతో చేరిన ఇద్దరు ఈ టెన్షన్ పడలేక వేరే కోర్సులకు వెళ్లిపోయారు. ఇంట్లో నన్నూ మానేయమంటున్నారు. పతకం గెలిచినవాళ్లకు మీరు దండలు వేస్తున్నారు, సంతోషం. వాళ్ల చేతికి మొదటిసారి బంతి ఇచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు కదా సార్. నేను ఆ ఒకరిని కావాలనుకుంటున్నాను. పతకం రాని పిల్లలకు కూడా బంతి ఇవ్వాలనుకుంటున్నాను.

దయచేసి ఒక్క ఫోన్ చేసి తాళం తీయమని చెప్పండి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా చాలు. గడ్డి మేమే పీక్కుంటాం. ఏది పాడైనా నాదే బాధ్యత అని రాసిస్తాను. అందుకూ కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి, పిల్లలకు చదివి వినిపిస్తాను.

హాజరు పుస్తకం జిరాక్స్, మూడు అర్జీల రసీదులు జతచేశాను.

ఇట్లు,
గేటు బయట పిల్లలతో ఎదురుచూస్తున్న ఒక విద్యార్థిని