సెప్టెంబర్ వార్తాలేఖ: సైగల భాష క్లబ్బు ఆగదు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం యూనిట్ టెస్టులో జరిగిన విషయం ఈపాటికి అన్ని తరగతుల వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. తిరిగేకొద్దీ పెరిగింది కూడా. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. బిట్ పేపరు రాసేటప్పుడు మా సైగల భాష క్లబ్బులోని ఇద్దరు పిల్లలు రెండు బిట్లకు జవాబులు ఆ భాష సైగలతో చెప్పుకున్నారు. కుడిచేతి చూపుడువేలితో ఎడమచేతి బొటనవేలి కొన తాకితే ‘ఏ’. ఇన్విజిలేటర్‌గా ఉన్న టీచరు అక్కడే పట్టుకున్నారు, పిల్లలిద్దరూ ఒప్పుకున్నారు. ఆ మార్కులు తీసేసి, శుక్రవారం వేరే పేపరుతో మళ్లీ రాయించాం. వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడాం. క్లాసంతా కాపీ కొట్టిందన్న మాటలో నిజం లేదు.

ఇక క్లబ్బు మూసేయమని వచ్చిన ఉత్తరాల సంగతి. మూసేయం. వేళ్లు చూపించి బిట్లు చెప్పుకోవడం ఈ క్లబ్బు పెట్టకముందు నుంచీ ప్రతి స్కూల్లోనూ ఉన్నదే. తెలుగులో గుసగుసలాడి కాపీ కొట్టినవాణ్ణి శిక్షిస్తాం కానీ తెలుగు పీరియడ్ తీసేయం కదా. పరీక్ష హాల్లో బెంచీల మధ్య దూరం పెంచాం, క్లబ్బు పిల్లల్ని వేరు వేరు గదుల్లో కూర్చోబెడుతున్నాం. దీనితో ఆ విషయం ముగిసింది.

దసరా సెలవుల తేదీలు డైరీలో అంటించాం, రెండో టర్మ్ బస్సు ఫీజు సెలవుల లోపు కట్టండి, వాన రోజుల్లో షూస్ తడిస్తే చెప్పులతో పంపినా ఏమీ అనం.

క్లబ్బులో ఏం జరుగుతుందో చాలామందికి తెలియదని ఉత్తరాలు చదివితే అర్థమైంది. శనివారం గంటన్నర సేపు పిల్లలు భారతీయ సంజ్ఞా భాష నేర్చుకుంటారు. నేర్పేది బధిర ఉపాధ్యాయురాలు. ‘మాట్లాడని ఆవిడ ఎలా చెబుతారు’ అని ఒకరు రాశారు. ఆవిడ మాట్లాడతారు, చేతులతో, ముఖంతో. ఆ గంటన్నరా గదిలో ఎవరూ నోటితో మాట్లాడకూడదన్నది నియమం. నోరు తెరిస్తే పిల్లల ధ్యాస చెవి మీదికి పోతుంది, కళ్లు పనిచేయడం మానేస్తాయి.

ఇది తెలుగు పిల్లలకు ఎంత దగ్గరి భాషో చెప్పనివ్వండి. ఇంగ్లీషులోలా ‘ఈజ్’, ‘ఆర్’ దీనిలో ఉండవు, మనకూ లేవు. ప్రశ్న పదం చివర్లో వస్తుంది: నీ, ఊరు, ఎక్కడ. లేదు అనే మాటా చివరే: రేపు, స్కూలు, లేదు. పోయిన ఏడాది దాకా ఊళ్లో తెలుగు మీడియం చదివి ఆరో తరగతిలో మా దగ్గర చేరిన అమ్మాయి ఈ వరసను మొదటి వారంలోనే పట్టేసింది. ఇంగ్లీషులో ఆలోచించి ఒక్కో పదానికీ ఒక్కో సైగ పెట్టే పెద్ద తరగతుల పిల్లలకు ఇప్పుడు ఆ అమ్మాయే సరిదిద్దుతోంది. క్లాసులో గొంతు విప్పడానికి బెదిరే పిల్ల, ఆ గదిలో అందరికంటే ముందు చేతులెత్తుతుంది. చూస్తే కడుపు నిండిపోతుంది.

అయితే తెలుగును చేతుల్లో పెట్టినంత మాత్రాన సంజ్ఞా భాష కాదు. మన ‘కి’, ‘తో’, ‘లో’లకు విడిగా సైగలు వెతకక్కర్లేదు, ఆ పని చాలావరకు చోటు చేస్తుంది. ‘అమ్మ నాన్నకి పుస్తకం ఇచ్చింది’ అనాలంటే ముందు అమ్మను కుడివైపు, నాన్నను ఎడమవైపు నిలపాలి. తర్వాత ‘ఇవ్వు’ సైగను కుడి నుంచి ఎడమకు నడిపించాలి. చెయ్యి ఎడమ నుంచి కుడికి వచ్చిందంటే నాన్నే అమ్మకు ఇచ్చినట్టు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, ఎవర్ని ఎక్కడ నిలిపారో మధ్యలో మర్చిపోతారు. రెండో తప్పు ముఖం బిగబట్టుకుని చేయడం. ‘భోజనం’, ‘అయింది’ అని రెండు సైగలు చేసి ఊరుకుంటే భోజనం అయిందని చెప్పినట్టు. అవే సైగలకు కనుబొమలు పైకెత్తి తల కాస్త ముందుకు వంచితే ‘భోజనం అయిందా?’ అవుతుంది. సిగ్గుపడి ముఖం కదపని పిల్లలు ఎంత బాగా వేళ్లు తిప్పినా ఎదుటివారికి ప్రశ్న అందదు. చూసేటప్పుడు కూడా చేతుల వంక కాదు, ముఖం వంక చూడాలి. చేతులు కంటి అంచుల్లో వాటంతటవే కనిపిస్తాయి.

ఈ భాష మీద నాకు పట్టింపు ఎక్కువని మీలో కొందరంటున్నారు. అవును, ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య మీద జరిగిన అంతర్జాతీయ మహాసభ, బధిర పిల్లల చదువులో సైగలు వద్దని తీర్మానించింది. దాని ప్రభావంతో ఎన్నో దేశాల్లో తరాల తరబడి పిల్లలు క్లాసులో చేతులు కట్టుకుని, అర్థంకాని పెదవుల కదలిక చూస్తూ కూర్చున్నారు. అదే మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం ప్రకటించింది 2010లో, కెనడాలోని వాంకూవర్‌లో. నూట ముప్ఫై ఏళ్లు! 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైనే. వాళ్లలో ఎంతోమందికి బ్యాంకు కౌంటర్లో, ఆసుపత్రిలో, బస్సులో ఎదురయ్యేవాళ్లకు నాలుగు సైగలైనా తెలియవు. ఇంత పెద్ద లోటును పిల్లలు సరదాగా నేర్చుకుంటూ కొంతైనా పూడుస్తుంటే, అది చదువుకు అడ్డమని ఎలా అంటాం? సైగలు నేర్చుకుంటే మాటలు తగ్గిపోతాయని భయపడేవారికి ఒకటే చెబుతున్నాను: రెండో భాష వస్తే మొదటి భాష పోదు.

మా ఏడో తరగతి అబ్బాయి ఒకడు స్కూలు ఎదురుగా జిరాక్స్ షాపులో పనిచేసే బధిర యువకుడితో రోజూ రెండు నిమిషాలు మాట్లాడి వస్తున్నాడు. వారాల పేర్లలో ఒకదానికి ఆయన వేరే సైగ చూపించారట. శనివారం వచ్చి టీచర్ని అడిగాడు, ఏది ఒప్పు అని. రెండూ ఒప్పే. ఊరు మారితే కొన్ని సైగలు మారతాయి, వ్యాకరణం దాదాపు అదే ఉంటుంది. ఎదుటివారి సైగను తప్పనకుండా తనదిగా చేసుకున్నాడు చూడండి, అది నేర్పితే వచ్చేది కాదు.

ఇంట్లో సాయం చేయాలనుకునేవారికి నాలుగు మాటలు. రీల్స్ చూపించి నేర్పకండి. వాటిలో చాలావరకు అమెరికన్ సైగలు. అక్కడి అక్షరాలు ఒంటిచేత్తో చేస్తారు, మా క్లబ్బులో నేర్పేవి ఎక్కువగా రెండు చేతులతో. చూడాలంటే ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం వారి నిఘంటువు ఉంది. 2021 నాటికే పదివేల పదాలయ్యాయి. ‘సైన్ లెర్న్’ యాప్ కూడా వారిదే. సెల్ఫీ కెమెరాతో వీడియో తీస్తే ఫోను కొన్నిసార్లు కుడి ఎడమలు తారుమారు చేస్తుంది, చూసుకోండి. ఎడమచేతి వాటం పిల్లల్ని దయచేసి ‘ఆ చేత్తో కాదు’ అని కొట్టకండి. వాళ్లకు ఎడమచెయ్యే ముందు నడిచే చెయ్యి, వాళ్ల సైగ సరైనదే. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడితే వెలుగుకు ముఖం నల్లబడి ఏమీ కనిపించదు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి రుద్దితే వేళ్లు నొప్పెట్టడం తప్ప లాభం లేదు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు ‘ఏదీ, ఏబీసీడీ చేసి చూపించు’ అని నిలబెట్టడం మీకు ముచ్చటగానే ఉండొచ్చు. పిల్లలు మాత్రం సోమవారం మా దగ్గర తలదించుకుని చెబుతున్నారు. అన్నం తినేటప్పుడు టీవీ ఆపి, ఫోను పక్కన పెట్టి వాళ్ల ముఖంలోకి చూస్తే చాలు. ఈ భాషకు కావలసిన మొదటి సాధన అదే, దానికి ఖర్చు కూడా లేదు.

సెప్టెంబర్ 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవం. ఆ రోజు ఉదయం అసెంబ్లీలో క్లబ్బు పిల్లలు ప్రార్థన, వార్తలు సైగల్లో చేస్తారు. రావాలనుకునేవారు తొమ్మిది లోపు గ్రౌండులో ఉండండి, ముందు వరసలు వచ్చే బధిర అతిథులకు వదలండి. చప్పట్లు కొట్టవద్దు, రెండు చేతులూ పైకెత్తి అరచేతులు తిప్పండి. ఎవరినైనా పిలవాలంటే వెనక నుంచి కేకేయకుండా భుజం మీద మెల్లగా తట్టండి. తల్లిదండ్రులకు విడిగా తరగతి కావాలని అడిగినవారు పేర్లు ఆఫీసులో ఇవ్వండి, పదిమంది అయితే దసరా తర్వాత శనివారాల్లో నాలుగింటికి మొదలుపెడతాం. ఫోను బ్యాగులో పెట్టి రావాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు